గుర్రాల రాట్నం ఎక్కే ముందు దాని కాళ్ల కింద చూడండి

అనంతపురం వేసవి ఎగ్జిబిషన్‌లో ఈసారి రాట్నాలు రెండు దిగాయి. గేటు దాటగానే ఎదురయ్యేది మోటారు రాట్నం. పద్నాలుగు ఫైబరు గుర్రాలు, రెండు రథాల బెంచీలు, కప్పు చుట్టూ అద్దాలు, ఆ పైన ఎల్‌ఈడీ దండలు. టికెట్టు 60 రూపాయలు. ఇంకోటి మైదానం ఆ కొసన, మిరపకాయ బజ్జీల బండ్లు దాటినాక, వెలుతురు సరిగా పడని చోట ఉంది. నాలుగు చెక్కగుర్రాలు, నాలుగు కుర్చీలు, తిప్పేందుకు ఒకాయన. టికెట్టు 30.

మార్కులు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు టైము మిగులుతుంది. మోటారు రాట్నానికి ఐదుకు మూడు, చేతిరాట్నానికి నాలుగు. మొదటిదానికి ఆ రెండు మార్కులు పోయింది గుర్రాల వల్ల కాదు, పాటల వల్ల కాదు. దాని కాళ్ల కింద పెట్టిన చెక్కల వల్ల, చీలల క్లిప్పులకు బదులు చుట్టిన కమ్మీ వల్ల. రెండోదానికి ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో కింద ఉంది. చిన్నప్పటి రాట్నాన్ని వెతుక్కుంటూ పోయే నలభై ఏళ్లు దాటినవాళ్లు ఎటూ రెండోదాని దగ్గరే ఆగిపోతారు. కానీ ఇష్టం వేరు, నమ్మకం వేరు. పిల్లను గుర్రమెక్కించి చేయి వదలాలంటే కావలసింది నమ్మకం.

పేరు దగ్గరే మొదటి తికమక. మన వైపు రంగులరాట్నం అంటే కొందరికి గుర్రాలున్నది, కొందరికి నిలువుగా తిరిగే జెయింట్ వీల్. కౌంటరు దగ్గర "రెండు రంగులరాట్నం" అని అడిగితే జెయింట్ వీల్ టికెట్లు చేతిలో పెట్టే వీలుంది, తీసుకున్నాక మార్చరు. "గుర్రాలది" అని అడగండి. చరిత్రలో కూడా ఈ రెండూ వేరు వేరు దారుల్లో వచ్చినవే. కేరొసెల్ అన్న మాట ఐరోపా రౌతుల కవాతు ఆటల నుంచి పుట్టింది. నిలువు చక్రం అంతకంటే పల్లెటూరిది. 1620లో పీటర్ ముండీ అనే ఇంగ్లిషు ప్రయాణికుడు ఇప్పటి బల్గేరియాలో మనుషులు చేత్తో తిప్పే చెక్క చక్రాలను చూసి రాసిపెట్టాడు. జార్జి ఫెర్రిస్ 1893లో షికాగోలో 264 అడుగుల ఉక్కు చక్రం నిలబెట్టేదాకా ఆ చక్రాలకు ఇంత గొప్ప పేరేమీ లేదు. మన తేర్లలో ఇప్పటికీ కనిపించే నాలుగు తొట్ల చక్రం ఆ పాత చక్రానికే దగ్గరి చుట్టం.

మోటారు రాట్నం సంగతి. అడ్డకొలత దాదాపు 20 అడుగులు. నడిమి కంబం నుంచి ఎనిమిది చేతులు గొడుగు కమ్మీల్లాగా విచ్చుకుంటాయి. ఒక్కో చేతికి బయట ఒకటి, లోపల ఒకటి లెక్కన పదహారు చోట్లు, పద్నాలుగింట గుర్రాలు, రెండింట రథాల బెంచీలు. మొత్తం బరువంతా కంబం మీదుగా కింది పీఠానికి, అక్కడి నుంచి ఎనిమిది కాళ్లకు దిగుతుంది. కాళ్లు స్క్రూ జాకీలవి. నాలుగు అంగుళాల చదరపు ఇనుప పాదం అంటే 16 చదరపు అంగుళాలు. దాని కింద రెండడుగుల చదరం చెక్క పలక వేస్తే అదే బరువు 576 చదరపు అంగుళాల మీద పరుచుకుంటుంది, 36 రెట్లు. పలక అనేది ఎత్తు సరిచేయడానికి కాదు, బరువు పరచడానికి. ఈ రాట్నం కింద ఆరు కాళ్లకు పాత రైల్వే స్లీపరు చెక్కలు ఉన్నాయి, మంచివే. మిగతా రెండు కాళ్ల కింద మాత్రం సెంట్రింగు చెక్కముక్కలు మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టారు. ముక్కల దొంతర పక్కకు జారుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది.

అనంతపురం ఎర్రనేల, కింద గరుసు. అందుకని ఈ తప్పు ఇక్కడ దాగిపోయింది. పైగా అనంతపురంలో వాన గురించి ఎవరు బెంగపెట్టుకుంటారు? కానీ ఎండాకాలం సాయంత్రం గాలివాన ఒక్క అరగంట కొట్టిపోయిన మరునాడు చూస్తే ఆ రెండు కాళ్ల వైపు పీఠం వేలెడు కిందికి దిగి ఉంది. ఇదే సెట్టు రేపు తాడిపత్రి, నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో దిగితే వేలెడుతో ఆగదు. రేగడి ఎండినప్పుడు చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది, తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. అలాంటి మైదానంలో కాళ్లు నిలపాలంటే పైమట్టి తీసేసి గరుసు పోసి దిమ్మిస చేయాలి, లేదంటే అడుగున ఇనుప రేకులు పరచాలి. వాన పడ్డాక ఆ రోజంతా రాట్నం ఆపేసి, మళ్లీ రసమట్టం (వాలు చూసే గాజుగొట్టపు పనిముట్టు) పెట్టి చూసుకోవాలి. పని తెలిసినవాళ్లు రోజూ సాయంత్రం జనం రాకముందే ఎనిమిది కాళ్లూ తిరిగి రసమట్టం పెడతారు. ఇక్కడ అది జరగడం లేదు.

టికెట్టు కొనే ముందు రసమట్టం లేకుండానే చూసే పద్ధతి ఒకటుంది. పది అడుగులు వెనక్కి నిలబడి, కప్పు అంచు వెనకాల మైదానం ప్రహరీ గోడను గీతగా పెట్టుకోండి. రాట్నం తిరుగుతున్నప్పుడు అంచు మొత్తం ఒక పక్కకు వాలి, ఆ వాలు అట్లాగే కదలకుండా ఉంటే నడిమి కంబమే ఒరిగిందని అర్థం. అంటే కాళ్ల కింద తప్పు. అలా కాకుండా మీ ఎదురుగా ఉన్న ఒక్క చోట అంచు చుట్టుకోసారి లేచి పడుతుంటే కంబం నిటారుగానే ఉంది, ఏదో ఒక చేయి కుంగింది, లేదా దాన్ని పైనుంచి పట్టి ఉంచే టై రాడ్డు వదులైంది. మొదటిదానికి పలక సరిచేయాలి, రెండోదానికి నట్టు బిగించాలి. రెండింటిలో ఏది కనిపించినా ఆ పూట ఎక్కకండి. వేగంలో కూడా తేడా పట్టుకోవచ్చు. ప్రతి చుట్టూ ఒకే చోట నెమ్మదై ఒకే చోట ఊపందుకుంటే పీఠం వాలి ఉంది, పిల్లలంతా ఒకవైపే కూర్చున్నారు. ఎక్కడపడితే అక్కడ నెమ్మదిస్తే బెల్టు జారుతున్నట్టు, లేదా జనరేటరు ఆయాసపడుతున్నట్టు.

బండికి కడచీల ఎంతో రాట్నానికి చీల అంత. చేతులు ఎనిమిది, ఒక్కో చేతికి రెండు అతుకులు, మొత్తం పదహారు చీలలు. ఊరు మారినప్పుడల్లా ఊడదీసి బిగించే సామాను కాబట్టి వెల్డింగు చేయరు, చీల దోపి చివర ఆర్ ఆకారపు స్ప్రింగు క్లిప్పు పెడతారు. మొదటి వారం లెక్కపెడితే పదహారింటిలో మూడింటికి క్లిప్పు లేదు, సిమెంటు పనికి వాడే బైండింగు కమ్మీ రెండు చుట్లు చుట్టి మెలిపెట్టారు. కమ్మీ బరువు మోయదు, నిజమే. బరువు మోసేది చీలే. కానీ తిరిగే యంత్రం ప్రతి చుట్టుకూ చీలను రవ్వంత జరుపుతుంది, కమ్మీ మెత్తది కాబట్టి అరిగి తెగుతుంది, తెగిన సంగతి రాత్రి లైట్లలో ఎవరికీ కనబడదు. క్లిప్పు ఖరీదు పది ఇరవై రూపాయలు. "అన్నా, ఈడ పిన్ను ఏదీ?" అని అడిగితే ఆపరేటరు వాదన పెట్టుకోలేదు, మరునాటికి మూడు చోట్లా నట్టుబోల్టు పడింది. అడిగితే మారే మనుషులే. అడిగేవాళ్లు లేకే ఈ కమ్మీలు.

వేగం బాగుంది, దీనికి పూర్తి మార్కులు. సెల్‌ఫోన్ గడియారంతో చూస్తే చుట్టుకు పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు చుట్లు. బయటి వరుస గుర్రం గంటకు ఏడు కిలోమీటర్ల లోపే పోతున్నట్టు, వడివడిగా నడిచే మనిషి వేగం. ఆ వేగంలో 15 కిలోల పిల్లను బయటికి లాగే బలం రెండు కిలోల కంటే తక్కువ, తొడలతో గుర్రాన్ని పట్టుకుంటే చాలు. ఇదే రాట్నాన్ని ఐదు సెకన్లకు చుట్టు తిప్పితే వేగం రెట్టింపే కానీ ఆ లాగుడు నాలుగింతలై ఏడు కిలోలు దాటుతుంది. మూడేళ్ల పిల్ల చేతులకు అది ఎక్కువ. జనం కేకలేస్తున్నారని వేగం పెంచే ఆపరేటరు ఉన్నచోట ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఇక్కడ ఆ బెడద లేదు, ఎందుకంటే పెంచే వీలే లేదు. ఐదు హార్సుపవరు మోటారు నిమిషానికి 1440 తిరుగుతుంది, గేరుబాక్సు దాన్ని నలభయ్యో వంతుకు, గొలుసు ఇంకో ఆరో వంతుకు తగ్గిస్తాయి. 1440ని 240తో భాగిస్తే ఆరు. పళ్ల లెక్క మారిస్తే తప్ప ఈ రాట్నం ఆరు చుట్లు దాటదు. పాతకాలపు ఈ ఏర్పాటే పిల్లలకు మేలు.

దాని చెడ్డతనం మొదలయ్యేటప్పుడు తెలుస్తుంది. మామూలు స్టార్టరు నొక్కగానే మోటారు ఒక్కసారిగా గుంజుతుంది, గుర్రాల మీద తలలన్నీ వెనక్కి ఊగుతాయి. వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే కరెంటు పెట్టె, పెట్టినచోట వేగం మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఇక్కడ లేదు కాబట్టి గంట మోగకముందే పిల్ల రెండు చేతులూ కడ్డీ మీద ఉండాలి, ఒక చేతిలో పీచుమిఠాయి ఉంటే అది మీరు తీసుకోండి. బ్రేకు కూడా వేరే లేదు. స్విచ్చి ఆపినాక రెండు మూడు చుట్లు తనంతట తనే తిరిగి ఆగుతుంది. తొందరలో ఉన్న కుర్రోడు అంచు పట్టుకుని కాళ్లు నేలకు తన్ని ఈడ్చి ఆపుతున్నాడు. అది పిల్లలకు కాదు, ఆ కుర్రోడికే ప్రమాదం. చెప్పు జారితే తిరిగే పలక కిందికే పోతాడు.

గుర్రాలు ఫైబరువి. ఎర్రవి నాలుగు, తెల్లవి ఆరు, నల్లవి నాలుగు. ఎండకు పైపూత పాలిపోతే ఎనామిల్ రంగు వేశారు, కళ్లు మాత్రం ఎవరో శ్రద్ధగా దిద్దారు, కాటుక పెట్టినట్టుగా రెప్పలు కూడా ఉన్నాయి. ఫైబరు గుర్రంతో తంటా రంగు కాదు, బీట. మెడ దగ్గర, కాలు మడత దగ్గర వెంట్రుకంత బీట పడితే అక్కడ గాజు నార పైకి తేలుతుంది. చేతికి తగిలితే కంటికి కనబడని ముల్లులాగా గుచ్చుకుని రెండు రోజులు దురద పెడుతుంది. నల్లగుర్రం ఒకదానికి చెవి వెనక ఆ బీట ఉంది, పిల్ల సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. ఇంకోటి, ఏప్రిల్ మే నెలల్లో సాయంత్రం ఐదింటికి కూడా నల్లగుర్రం వీపు నిక్కరేసుకున్న పిల్లల తొడలను చురుక్కుమనిపిస్తుంది. తడిగుడ్డతో ఒకసారి తుడవమనండి, లేదంటే తెల్లదాన్ని ఎక్కించండి.

గుర్రం లేచి దిగే కిటుకు చాలామంది చూడరు. తలెత్తితే కప్పు కింద ప్రతి చేతికీ ఒక వంకర ఇరుసు కనిపిస్తుంది. దాని లోపలి కొసన చిన్న పళ్లచక్రం, అది నడిమి కంబం మీద కదలకుండా ఉన్న పెద్ద పళ్లచక్రం మీద దొర్లుతుంది. రాట్నం తిరిగేకొద్దీ ఇరుసు తిరుగుతుంది, దాని వంకరలకు వేలాడే గుర్రాలు లేచి దిగుతాయి. వంకర ఆరంగుళాలైతే గుర్రం మొత్తం అడుగు ఎత్తు కదులుతుంది. వేరే మోటారు అక్కర్లేదు. దీనికి కావలసిందల్లా గ్రీజు. ఇక్కడ గ్రీజు ధారాళంగానే పెట్టారు, ఎక్కువైనది ఎండకు కరిగి సరిగ్గా లోపలి వరుస గుర్రాల మీదే బొట్టుబొట్టుగా రాలుతోంది. తెల్లచొక్కా వేసుకున్నవాళ్లు బయటి వరుస ఎక్కండి. గ్రీజు కారడం మురికే కానీ భయం కాదు. భయపడాల్సింది పొడి శబ్దానికి. అయితే ఆ శబ్దం వినాలంటే పాటలు ఆగాలి, స్పీకరు బాక్సులు రాట్నం మొగదలే ఉన్నాయి. ఐదున్నరకు జనం లేకుండా ఒకసారి ఉత్తగా తిప్పుతారు, అప్పుడు దగ్గర నిలబడి వినండి. ఒకే తీరుగా గురగుర వస్తే బాగుంది. మళ్లీ మళ్లీ "టక్" మంటే ఏదో పన్ను విరిగింది లేదా బేరింగు లోపలి గుండు చిట్లింది.

గుర్రం ఆగిన ఎత్తు అందరికీ ఒకటి కాదు. పక్కపక్క గుర్రాలు ఒకటి పైన, ఒకటి కింద ఆగుతాయి. చిన్నపిల్లను పైకి ఆగినదాని మీదికి ఎత్తే బదులు పక్కనున్న కిందిదాని దగ్గరికి నడవండి. తోడు నిలబడే పెద్దవాళ్లు గుర్రానికి బయటివైపు నిలబడాలి, లోపలివైపు కాదు. తిరిగేటప్పుడు పిల్ల ఒరిగేది బయటికే. చున్నీ, పైట కొంగు లోపలికి దోపుకోవాలి. నడిమి కంబానికీ తిరిగే పలకకూ మధ్య జానెడు సందు ఉంది, దానికి అడ్డుగా తడికె కూడా లేదు. బెల్టులు పద్నాలుగు గుర్రాలకు తొమ్మిదింటికే ఉన్నాయి. మూడేళ్ల లోపు పిల్లలకు రథం బెంచీయే. గుర్రం కావాలని ఏడుస్తారు, ఏడవనీండి.

కరెంటు సంగతి ఎవరూ అడగరు గానీ ఇక్కడ అడగాల్సిందే. తిరిగే కప్పు మీద లైట్లు వెలగాలంటే వైరు మెలిపడకుండా కంబం చుట్టూ రాగి కడియాలు, వాటిని రాస్తూ కార్బన్ బ్రష్షులు ఉంటాయి. లైట్లు ప్రతి చుట్టూ ఒకే చోట రెపరెపలాడితే కడియం ఆ చోట అరిగిందో మురికి పట్టిందో అన్నట్టు. ఈ రాట్నంలో రెపరెప లేదు, బాగుంది. ఎర్తు కమ్మీ మాత్రం ఒక ఇనుప మేకుకు చుట్టి ఎండిన నేలలో మూరెడు లోతు దిగ్గొట్టారు. వేసవిలో ఎర్రనేల కొలిమిలాగా ఎండిపోతుంది, ఎండిన మట్టి కరెంటును లోపలికి దిగనివ్వదు. గుంత తవ్వి ఉప్పు, బొగ్గు వేసి రోజూ రెండు బిందెల నీళ్లు పోస్తేనే ఎర్తు పనిచేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్చి, బోర్డులో ఉందా అని అడగండి. ఉంటే దానికి చిన్న టెస్టు బొత్తాం ఉంటుంది, నొక్కితే లైట్లు ఆరాలి. ఇక్కడ ఉంది, నొక్కి చూపించారు, ఆరాయి. అందుకే మూడు మార్కులైనా వచ్చాయి.

టికెట్టుకు ఎంతసేపు తిప్పుతారన్నది రోజును బట్టి. మంగళవారం మూడు నిమిషాల పైన, అంటే పద్దెనిమిది చుట్లు దాటింది. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి పదకొండు చుట్లకే గంట కొట్టారు. 60 రూపాయల్లో తేడా లేదు. జీఎస్టీ పట్టికలో రంగులరాట్నానికి పేరు పెట్టి మరీ చోటుంది: 2018 జనవరి దాకా 28 శాతం, ఆ తర్వాత 18. ఇక్కడి టికెట్టు మీద ఆ లెక్కేమీ ఉండదు, గుర్రం బొమ్మ, ఒక నంబరు, అంతే.

ఇక చేతిరాట్నం.

ఇది మన తేర్లలో, పరసల్లో, ఉరుసుల్లో తిరిగే పాత రకమే. అడుగున రెండు దూలాలు అడ్డంగా నిలువుగా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఆ కూడలిలో కంబం. కంబం తలమీద ఇనుప మొల, దాని మీద బోర్లించిన గిన్నెలాంటి గుబ్బ. గుబ్బ నుంచి ఆరడుగుల చేతులు ఎనిమిది, ఒక్కోదానికి రెండు ఇనుప కడ్డీలు, వాటికి గుర్రమో కుర్చీయో. కాళ్లు లేవు, జాకీలు లేవు. దూలాల కొసల మీద ఇసుక బస్తాలు నాలుగు. నేల వాలుగా ఉంటే దూలం కింద రాయి పెట్టి సరిచేస్తారు, సరైందా లేదా అన్నది ఖాళీ రాట్నాన్ని ఒక తోపు తోసి వదిలి చూస్తే తెలుస్తుంది. ప్రతిసారీ ఒకే చోటికొచ్చి ఆగిందంటే అటే వాలింది. ఆగే చోటు మారుతుంటే మట్టంగా ఉన్నట్టు. మోటారు రాట్నం వాళ్ల దగ్గర లేని పరీక్ష ఇది, ఈయన రోజూ సాయంత్రం చేస్తాడు.

గుర్రాలు చెక్కవి. ఊరేగింపు అశ్వవాహనాన్ని కుదించినట్టుంటాయి: ముందు కాళ్లు రెండూ పైకి, మెడ విల్లులాగా, పళ్లు తెల్లగా బయటికి. తోక గోగునార. రంగు పొరలు పొరలుగా వేసి వేసి జీను చెక్కడం పూడిపోయింది, ఒక గుర్రానికి డొక్కలో పెచ్చు ఊడినచోట ఆకుపచ్చ కింద పసుపు, దాని కింద కావి కనిపిస్తాయి. ఫైబరుకు లేని సుఖం ఒకటుంది, చెక్క ఎండకు కాలదు. పిల్లలు పట్టుకునే చెవులు మాత్రం అరిగి నునుపై మొండిగా మిగిలాయి.

తిప్పే తీరు చూడాల్సిందే. ఆయన చేతులను తోయడు, కుర్చీ కడ్డీలను పట్టడు. గుబ్బకు దగ్గరగా దించిన ఒక అడ్డకర్రను పట్టుకుని తనూ చుట్టూ నడుస్తాడు, ఊపు వచ్చాక పక్కకు జరిగి అరచేత్తో చుట్టుకొక తట్టు. ఆయన నడిచే బాట ఎర్రమట్టిలో గుండ్రంగా గాడి పడింది, రెండో వారానికి పాదం మునిగేంత. గాడి అంచు మీదే అడుగు పడుతుంది, తప్పి లోపలికి పడదు. చుట్టుకు ఆరు సెకన్లు. ఆ వేగంలో కుర్చీలు నిలువు నుంచి పది పన్నెండు డిగ్రీలు బయటికి తేలుతాయి, ఒళ్లు తేలికైనట్టు అనిపించే ఆ చిన్నప్పటి సుఖమంతా ఈ పది డిగ్రీలే. పెద్ద గుర్రాల రాట్నంలో ఇది రాదు, అక్కడ కడ్డీ కదలదు కాబట్టి ఒళ్లు ఒరుగుతుందే తప్ప తేలదు. పిల్లలు "ఇంకొంచెం జోరుగా తిప్పన్నా!" అంటే నాలుగు సెకన్లకు తెస్తాడు, కుర్చీలు పాతిక డిగ్రీల దాకా ఎగురుతాయి. చిన్నపిల్ల ఒక్కరున్నా ఆ జోరు చేయడు. ముందు మొహాలు చూస్తాడు, తర్వాత తిప్పుతాడు. ఈ తెలివి ఏ గేరుబాక్సుకూ లేదు.

ఎక్కించడంలోనూ క్రమం ఉంది. ఒక కుర్చీ నిండగానే రాట్నాన్ని అరచుట్టు తిప్పి సరిగ్గా ఎదుటి కుర్చీ నింపుతాడు, దింపేటప్పుడూ అంతే. ఒకవైపే నలుగురు కూర్చుంటే గుబ్బ మొల మీద వాలి ఒరుసుకుంటుంది, మొల ఒక పక్కే అరుగుతుంది. లావుపాటి పెద్దమనిషి ఎక్కితే ఎదురుగా ఇద్దరు పిల్లల్ని కూర్చోబెడతాడు, కాదంటే పైసలు వెనక్కి ఇచ్చేస్తాడు. కోపగించుకోకండి.

మొలకు కందెన పెడతాడు, డబ్బాలో గ్రీజు కాదు. ఎడ్లబండి ఇరుసులకు పూసినట్టు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపింది. వాసన వస్తుంది, కిర్రుమనే శబ్దం పూర్తిగా పోదు. ఆ కిర్రు కోసమే కొందరు అక్కడ నిలబడి వింటున్నారు, వాళ్లకు ఇది లోపం కాదు. యంత్రం లెక్కన చూస్తే బేరింగు పెట్టుకోవడమే మేలు, సగం బలంతో తిరుగుతుంది, తిప్పే మనిషి నడుము మిగులుతుంది.

పోయిన ఆ ఒక్క మార్కు కొక్కేలది. కడ్డీ పైకొస కొక్కెంగా వంచి చేతికున్న రింగులో తగిలిస్తారు. ఊగీ ఊగీ కొక్కెం లోపలి వంపు అరుగుతుంది. బరువులెత్తే కొక్కేలకు పనివాళ్లు పాటించే పద్ధతేమంటే మందంలో పదో వంతు అరిగితే తీసేయడం. ఇక్కడ మూడో కుర్చీ కొక్కెం దాదాపు మూడో వంతు అరిగి మెరుస్తోంది. కుర్చీకి రెండు కడ్డీలున్నాయి కాబట్టి ఒకటి తెగినా వెంటనే పడిపోదు, ఒక పక్కకు వేలాడుతుంది. ఆ కాస్త నమ్మకంతో నడుపుతున్నారు. తలెత్తి చూడండి, వంపు దగ్గర ఇనుము వెండిలాగా సన్నగా మెరిసే కుర్చీని వదిలేసి వేరేది ఎక్కండి. కొత్త కొక్కేలు కమ్మరి దగ్గర ఒక పూట పని. కుర్చీల ముందు అడ్డకడ్డీ ఉంది, దానికి తాళపు మేకు కూడా ఉంది, ఆయన ప్రతి మేకునూ వేలితో ముట్టి చూసి గానీ తిప్పడం మొదలుపెట్టడు.

దాని పక్కనే నాలుగు తొట్ల నిలువు చక్రం కూడా ఉంది గానీ దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తొట్టి తలుపుకు గొళ్లెం బదులు తాడు కట్టారు. ఎక్కకండి.

ఇక్కడ కుదరనివాళ్లు చేతిరాట్నం కోసం పెద్ద ఎగ్జిబిషన్లు తిరగకండి, అక్కడ అద్దె ఎక్కువ, ఇలాంటివాళ్లు నిలదొక్కుకోలేరు. జనం కూడే దేవుళ్ల దగ్గర వెతకండి: ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు, చైత్రంలో ఒంటిమిట్ట, వైశాఖ శుద్ధ దశమికి బ్రహ్మంగారిమఠం ఆరాధన, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న, కడప పెద్ద దర్గా ఉరుసు. అసలు తేరు రోజు తోపులాటలో రాట్నం దగ్గరికే చేరలేరు. ముందు రోజో మరునాడో పొండి.

అనంతపురంలోనే చూడాలంటే వారం మధ్యలో ఆరింటికి పొండి. ముందు చేతిరాట్నం, తర్వాత మోటారుది, ఆ తర్వాతే బజ్జీలు, ఈ వరుస తప్పితే గుర్రం మీద కక్కుతారు. చేతిరాట్నం దగ్గర ఫోన్‌పే బోర్డు ఉంది కానీ ఆ మూలన సిగ్నల్ అందదు, పది రూపాయల నోట్లు మూడు జేబులో పెట్టుకోండి. రాత్రి తొమ్మిదికి ఆయన కడ్డీలన్నీ పైకి కట్టేసి గుర్రాల మీద గోనెపట్టాలు కప్పేస్తాడు, తర్వాత ఎంత బతిమాలినా తిప్పడు.